పద్నాలుగు చప్పుళ్ల పటాలు

జీపు దిగుతూనే రత్నాలు వాచీ చూసుకుంది. శనివారం ఉదయం తొమ్మిదీ ముప్పై అయిదు. భాను కనబడకుండా పోయి రెండు రోజులా రెండు గంటలు.

నీళ్లు లేకుండా మనిషి ఎన్నాళ్లు ఉండగలడో ఆవిడకి తెలుసు. అనంతగిరి ఘాటులో ప్రతి మలుపు దగ్గరా ఆ లెక్కే వేసుకుంటూ వచ్చింది. మూడు రోజులు. ఏప్రిల్ ఎండల్లో, దెబ్బ కూడా తగిలి ఉంటే అంతకన్నా తక్కువ. తెల్లవారుజామున విశాఖపట్నంలో భాను తల్లి నాగలక్ష్మి ఆవిడ చేతులు పట్టుకుని, "తెస్తానని మాటివ్వకండమ్మా. వెతకడం మాననని చెప్పండి, చాలు" అంది. ఆ మాటకన్నా ఏడుపే నయమనిపించింది రత్నాలుకి.

రత్నాలుకి యాభై నాలుగేళ్లు. ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో పనిచేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగా రాజీనామా ఇచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఎవర్ని ప్రశ్నించినా ఆవిడ ముందు అడిగేది ఆఖరిసారి విడిపోయిన నిమిషం గురించే. ఎవరు ముందు వెళ్లారు, ఎవరు నిలబడి చూశారు, చేతిలో ఏముంది, ఒంటి మీద ఏముంది. జరిగినదాని గురించి మనుషులు అబద్ధాలు తయారు చేసి ఉంచుకుంటారు గాని, విడిపోయిన నిమిషానికి ఎవరూ తయారుగా ఉండరని ఆవిడ నమ్మకం. ఆవిడకి నిద్ర పట్టనివ్వనివి కూడా అలాంటి నిమిషాలే. సొంత జీవితంలో మూడున్నాయి. వాటి జోలికి ఎవర్నీ రానివ్వదు.

గాలిమెట్ట ప్రకృతి శిబిరం అంటే నాలుగు రేకుల షెడ్లు, ఒక వంటపాక. బొర్రా పైనున్న కొండ మీద, అడవి మధ్యలో ఉంటుంది. బడిపిల్లలు వచ్చి నాలుగైదు రోజులుండి అడవిని చూసి వెళ్తారు. చూపించేది భాను. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, నాలుగేళ్లుగా ఇక్కడే నేచురలిస్టుగా పనిచేస్తోంది. మంగళవారం మైదానం నుంచి ఒక హాస్టలు స్కూలు పిల్లలు పద్నాలుగుమంది వచ్చారు. గురువారం ఉదయం వాళ్లని అడవిలో కూర్చోబెట్టి, పాఠం మధ్యలోనే భాను మాయమైంది.

భోజనాల షెడ్డులో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాలాజీ టీ తాగుతున్నాడు. లేవలేదు.

"రండి హెడ్డుగారూ. మీ కంపెనీకి కొండల మీద కూడా బ్రాంచి పెట్టారా?"

"లేదు సీఐ గారూ. తమరు ఎక్కడ బేగి కేసు మూసేస్తే అక్కడికొచ్చి వాలతాను."

పక్కనున్న కానిస్టేబులు పైడయ్య మొహం తిప్పుకుని దగ్గాడు. బాలాజీ కొత్తగా ఎస్సైగా చేరిన రోజుల్లో కేసు డైరీ ఎలా రాయాలో నేర్పింది రత్నాలే. తప్పులు దిద్దిన ఎర్ర సిరాని అతను ఇప్పటికీ మరిచిపోలేదు.

కేసు ఏమిటో అతను గబగబా చెప్పాడు. కొండ పైనున్న బండ మీద భాను సంచి దొరికింది. బండకి ఎడమవైపు అంచున ఒక బూటు. కింద లోయలో పారే లోతైన గెడ్డ. బండ వెనక తుప్పల్లో ఎవరో కాసుకుని కూర్చుని పచ్చి మామిడికాయ తిన్న ఆనవాళ్లు: కొరికి పారేసిన చెక్కలు, ఉప్పూకారం పొట్లం కట్టిన కాగితం. శిబిరంలో గైడుగా పనిచేసే భీముడు ఉచ్చులు పెడితే పోయిన నెల భాను పీకించేసి, అటవీ శాఖకి ఫిర్యాదు చేసింది. ఆ పగతో తోసేశాడు. గెడ్డలో నిన్న సాయంత్రం దాకా వెతికించి ఆపేశారు. పన్నెండింటికి భీముణ్ణి కోర్టుకి తీసుకెళ్తారు.

"శవం దొరికిందా?"

"దొరుకుతుంది. గెడ్డ ఎక్కడికి పోతుంది?"

"శవం దొరక్కుండా వెతుకులాట ఎందుకు ఆపించారు?"

బాలాజీ గ్లాసు కింద పెట్టాడు. "నాకు ఆరుగురు మనుషులున్నారమ్మా. కొండకి అవతలి వైపు కూడా నా సర్కిలే. పన్నెండింటికి పిల్లల బస్సు వెళ్తుంది, నా వ్యానూ వెళ్తుంది. ఈలోగా మీ సరదా తీర్చుకోండి."

*

భీముడు కట్టెల పాక గుంజకి బేడీలతో కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, కొండదొర తెగవాడు, పక్క ఊరే. రత్నాలు అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. కాళ్ల నొప్పులతో కూర్చోవడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషంలోనే అతను కాస్త తేరుకున్నాడు.

విడిపోయిన నిమిషం చెప్పమంది.

"నాను కింద ఉండిపోనాను. భానమ్మ పిల్లల్ని కూకోబెట్టుకుంటూ పైకెల్లిపోనాది. వొంపు కాడ తిరిగి సూసి సెయ్యెత్తింది. ఆ మీద కనపడనేదు."

మిగతాది ఆవిడ అడిగి అడిగి రాబట్టింది. అడవిబాట పొడుగునా ఇరవై అడుగులకి ఒకరి చొప్పున పిల్లల్ని కూర్చోబెడతారు. కింద ఒకటో నంబరు, పైన పద్నాలుగు. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం. మధ్యలో చుక్క పెడితే అది తాను. ఎటువైపు చప్పుడు వినిపిస్తే అటు గుర్తు పెట్టాలి. దగ్గరదైతే దగ్గర, దూరానిదైతే దూరం. విన్న వరసలో అంకె వెయ్యాలి. భాను దాన్ని చప్పుళ్ల పటం అంటుంది. పైన బండ మీద ఆమె, కింది చివర భీముడు. ఏడూ పదికి మొదలు. ఏడూ నలభైకి భాను రెండు చేతులూ దొప్పలా పట్టి గుడ్లగూబలా కూస్తుంది. అప్పటిదాకా ఎవరూ లేవకూడదు, నోరు విప్పకూడదు.

ఏడూ నలభైకి కూత రాలేదు.

ఏదో జంతువు వచ్చి ఉంటుంది, అందుకే ఆపిందనుకున్నాడు భీముడు. పిల్లలూ అదే అనుకున్నారు. ఎనిమిదీ పదిహేను దాకా, ముప్పై అయిదు నిమిషాలు, పద్నాలుగుమంది పిల్లలూ ఒక పెద్దమనిషీ రాని కూత కోసం కదలకుండా కూర్చున్నారు. ఇంకెక్కడైనా అయిదు నిమిషాలకే గోల పుట్టేది. భాను అంత బాగా నేర్పింది గనకే ఆమెకి ఏమైనా చెయ్యదలిచిన మనిషికి అంత టైము దొరికింది.

"ముందే లెగిసి ఎల్లుంటే దొరికుండునమ్మా," అన్నాడు భీముడు నేలకేసి చూస్తూ.

"ఉచ్చులు నీవేనా?"

"నావే. ఆయమ్మ తిట్టింది, కంప్లైంటెట్టింది. మేనేజరు నన్ను పన్లోంచి తీసేత్తానంటే అడ్డం పడింది కూడా ఆయమ్మే."

రత్నాలు లేవబోతూ, మీ ఊళ్లో మామిడి కొత్త అయిందా అని అడిగింది. అతను ఆశ్చర్యంగా తలెత్తాడు. ఇంకా కాలేదు, ఊరి ముహూర్తాలు చూసే దిసారి రేపు ఆదివారానికి రోజు పెట్టాడన్నాడు. దిసారి చూసిపెట్టిన రోజున కొత్తకాయ అమ్మవారికి పెట్టాకే ఆ ఊళ్లో ఎవరైనా మామిడి నోట పెట్టేది. రత్నాలు వంటపాకకి వెళ్లి వంటమనిషి యర్రమ్మని అడిగింది. మూడు రోజులుగా మామిడికాయ పప్పే చేస్తున్నాననీ, భీముడు ఆ గరిట తగిలిన అన్నం కూడా ముట్టకుండా చోళ్ల అంబలి వేరే కాచుకుంటున్నాడనీ యర్రమ్మ విసుక్కుంటూ చెప్పింది.

బాలాజీ విని నవ్వాడు.

"ఎవరూ చూడకుండా తిన్నాడేమో."

"ఎవరూ చూడకుండా తినేవాడైతే ఇక్కడ వేరే కుండెందుకు పెట్టుకుంటాడు? ఇక్కడ చూసేవాళ్లు వాళ్ల ఊరివాళ్లు కాదు కదా. ఆ కాయ తిన్నది మైదానం మనిషి, సీఐ గారూ. ఉప్పూకారం పొట్లం కట్టి తెచ్చుకున్నాడంటే, అక్కడ చాలాసేపు కాపలా కూర్చోవాలని ముందే తెలిసినవాడు."

"మామిడికాయని కోర్టులో సాక్షిగా పెట్టండి. బోనెక్కిస్తాను."

*

పిల్లలు అప్పటికే సంచులు సర్దుకుని బస్సు పక్కన వరసగా కూర్చున్నారు. వాళ్ల సైన్సు మాస్టారు రామారావు పేర్లు పిలుస్తున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి, సన్నటి మనిషి. ఏడాదికి రెండు మూడుసార్లు పిల్లల్ని తీసుకొస్తాడట. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా పిల్లల దగ్గర కూర్చునే ఉన్నాడని యర్రమ్మ చెప్పింది.

ఆవిడ అడగ్గానే మాస్టారు రిజిస్టరు మూసేశాడు. గురువారం పొద్దున్న తనకి బీపీ ఎక్కువై తల తిరుగుతుంటే శిబిరంలోనే ఉండిపోయాననీ, గేటు దాటి ఒక్క అడుగు కూడా వెయ్యలేదనీ చెప్పాడు. అసలు ఆ రోజు జలపాతం వైపు వెళ్లాల్సింది. అటు మంచు పట్టిందని భాను తెల్లవారాక దారి మార్చిందట.

"ఆ అమ్మాయిని ఆఖరిసారి ఎలా చూశారు మాస్టారూ?"

"గేటు దాటి వెనక్కి తిరిగిందమ్మా. ఆరూ యాభై అయ్యుంటుంది. తల మీంచి భుజాల దాకా ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని ఉంది. మొహం కొంచెమే కనిపిస్తోంది." అతను కళ్లు తుడుచుకున్నాడు. "మాత్ర వేసుకుని పడుకోండి మాస్టారూ, అంది. అదే ఆఖరి మాట."

రత్నాలు మాట పొల్లుపోకుండా రాసుకుంది. ఆ బాధలో అబద్ధం ఉందని ఆవిడకి అనిపించలేదు.

పిల్లల పటాలు శిబిరం ఆఫీసులో ఉన్నాయి. భాను ఎప్పుడూ తీసుకుంటుంది గనక, ఆ గందరగోళంలో కూడా భీముడు అలవాటు కొద్దీ అందరి దగ్గరా కాగితాలు పోగుచేశాడు. బాలాజీ వాటిని పిల్లల బొమ్మలని పక్కన పడేశాడు. రత్నాలు భోజనాల బల్ల మీద పద్నాలుగూ పరిచింది. అప్పటికి టైము పదీ నలభై.

గాలి, ఆకుల మీద అడుగుల చప్పుడు, కోడికూత, గోరువంకలు. అన్నిటిలోనూ అయిదో ఆరో అంకె దగ్గర రైలు కూత. చూసినవాటన్నిటిలోనూ రెండో మూడో అంకె దగ్గర మరొకటి: వడ్రంగిపిట్ట. కొందరు ముక్కుతో సహా బొమ్మ కూడా వేశారు. ఆవిడ ఒక్కొక్కటీ పక్కకి జరుపుతూ పోయి ఏడో నంబరు దగ్గర ఆగింది. దాంట్లో పిట్ట లేదు. అదే చోట నిలువు గీతలు, సమానమైన ఎడంతో: ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. కింద చిన్న అక్షరాలతో 'ఇనుము, రాయి' అని ఉంది. రైలు తరవాత ఆ గీతలు లేవు. పేరు బేబి.

బేబికి పదమూడేళ్లు. చెప్పులు లేని కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని నిలబడింది. ఊరు సీలేరు, ప్రాజెక్టు కాలనీ. తండ్రి అక్కడే సొరంగాల రిపేరు పనిలో ఉన్నాడు.

ముందు రోజు సాయంత్రం భాను బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించి, అడవిలో ఠకఠక అని వినిపిస్తే అది వడ్రంగిపిట్ట అని చెప్పిందట. అందుకని అందరూ అదే రాశారు. నువ్వెందుకు రాయలేదని అడిగితే బేబి బల్ల మీద వేలితో ఆగి ఆగి కొట్టి చూపించింది.

"పిట్టయితే బేగి బేగి కొట్టేసి ఆపేత్తాది. ఇది అలగ్గాదు. ఓ దెబ్బ కొట్టి, ఊపిరి తీసుకుని, మల్లీ కొట్టినట్టుంది. మా నాన్నోళ్లు గునపంతో కొడితే అలాగే ఉంటాది."

"ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"సారుకి చెప్పాను. పిట్టేలేవే, నీకు పేర్లు తెలవ్వు అన్నారు."

రత్నాలుకి కాళ్ల నొప్పులు గుర్తు రాలేదు. పదమూడుమంది పిల్లలకి చప్పుడు వినడానికి ముందే పేరు తెలిసిపోయింది. భానుకి మాత్రం అది పిట్ట కాదని మొదటి దెబ్బకే తెలిసి ఉంటుంది. రక్షిత అడవిలో గునపం దెబ్బ. పిల్లలు మౌనంగా కూర్చున్నారు, ఇంకా టైముంది, అయిదు నిమిషాల్లో చూసి వచ్చేద్దామని లేచి ఉంటుంది. ఆఫీసు ఫోను నుంచి బొర్రా స్టేషన్లో అడిగితే రైలు టైము దొరికింది: గురువారం గూడ్సు వెళ్లింది ఏడూ ఇరవై రెండుకి. దాని తరవాత గునపం మోగలేదు. అంటే ఏడూ ఇరవై రెండుకల్లా భాను వాళ్ల కంటపడింది.

ఆవిడ బేబి భుజం మీద చెయ్యి వేసి బస్సు దాకా నడిపించింది. "ఈ గుంటని జాగ్రత్తగా చూసుకోండి మాస్టారూ. మాకెవరికీ లేని చెవులు దీనికున్నాయి. వెతకాల్సిన దారి ఇదే చూపించింది," అంది.

రామారావు నవ్వి, బేబి తల నిమిరాడు.

*

పదకొండూ పదికి కొండెక్కడం మొదలుపెట్టారు. పంచనామా కోసం భీముణ్ణి ఎలాగూ చోటు చూపించడానికి తీసుకెళ్లాలి గనక బాలాజీ కాదనలేదు. పైడయ్య, మరో కానిస్టేబులు వెంట వచ్చారు. బాట పక్కన చెట్లకి నంబర్లు రాసిన ఎర్రగుడ్డ పీలికలు ఇంకా కట్టే ఉన్నాయి.

రత్నాలు ఒకటో నంబరు చెట్టు కింద కూర్చుంది. ప్రతి పటం మీదా కొండ పైవైపుకి బాణం గుర్తు ఉంది. దాన్ని సరిచేసి పట్టుకుంటే, పిట్ట ఉన్నది కుడిచేతి వైపు, బాగా పైన, దూరంగా. నేల మీద పుల్లతో ఆ వైపు గీత గీసింది. నాలుగో నంబరు దగ్గర కూర్చుంది. ఇక్కడా కుడివైపే, కొంచెం దగ్గరగా. ఏడో నంబరు దగ్గర, బేబి కూర్చున్న చోట, ఇంకా కొంచెం పైన, కుడికి. కూర్చున్నప్పుడల్లా మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. బాలాజీ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"పిల్లల గీతలు పట్టుకుని కోర్టుకెళ్తారా రత్నాలమ్మా?"

"కోర్టుకెందుకు? ఆ తుప్పల్లోకెళ్తాను." పద్నాలుగో నంబరు పటం చూపించింది. "పైన చివర కూర్చున్న పిల్లకి ఈ చప్పుడు కింద నుంచి వినబడింది, కుడివైపు కింద నుంచి. బూటు దొరికింది ఎడమవైపు. మీరు మూడు పూటలు వెతికించింది ఎడమవైపు గెడ్డలో. కుడివైపు ఒక్క మనిషినైనా పంపారా?"

బాలాజీ పటం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బూటు ఒక్కటే ఎందుకు దొరికిందని అడిగారా? లేసు కట్టుకునే బూటు తోసేస్తే ఊడదు బాబూ. ఎవరో విప్పి పెట్టాలి."

కేసు డైరీ దిద్దిన రోజుల్లో పిలిచినట్టే పిలిచింది. బాలాజీ చెవులు ఎర్రబడ్డాయి. కింద నుంచి బస్సు హారను రెండుసార్లు వినిపించింది. పన్నెండు. ఎవరైనా వెళ్లిపోతుంటే గేటు దాకా వెళ్లి నిలబడకపోతే రత్నాలుకి తోచదు. ఆ పిల్లల్ని సాగనంపలేదే అని మనసు ఒక్క క్షణం పీకింది. పటాల వైపు తల తిప్పుకుంది.

గీతలన్నీ తొమ్మిదో నంబరుకి కుడివైపు యాభై గజాల దూరంలో, లంటానా తుప్పల్లో కలిశాయి. తుప్పల్లోకి దారి లేదు. ముందు నడుస్తున్న భీముడు బేడీల చేతులతోనే ఒక కొమ్మ పట్టుకుని ఆగాడు.

"ఇది ఇక్కడ మొలిసింది గాదు బాబూ. నరికి తెచ్చి కప్పినారు. రెండు రోజులయ్యుంటాది, ఆకింకా పూరాగా వడలనేదు."

కొమ్మలు లాగేస్తే మనిషి వంగి దూరేంత బిలం కనబడింది. ముందు తవ్విపోసిన తెల్లమట్టి. జల్లెడ, గునపం, తాగేసిన బీడీలు. చూడగానే అందరికీ అర్థమైంది. రంగురాళ్లు. ఆ కొండల్లో దొంగతనంగా సొరంగాలు తవ్వి రాళ్లు దిగువకి చేరవేసేవాళ్ల గురించి బాలాజీ దగ్గర ఒక ఫైలే ఉంది. ఆ సొరంగాలు కూలి మనుషులు పోయిన సంగతులూ అందులో ఉన్నాయి.

లోపల పది అడుగుల తరవాత మట్టి కూలి దారి మూసుకుపోయి ఉంది. కప్పుకి దన్నుగా పెట్టిన కర్ర ఒకటి పడి ఉంది, అది విరిగింది కాదు. మొదట్లో గొడ్డలి దెబ్బ ఉంది. పడిపోయింది కాదు, పడగొట్టింది.

రత్నాలు మట్టికి చెవి ఆనించింది. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ విన్నది. సన్నగా, ఎక్కడో, మనిషి మూలుగు.

"తాళం తియ్యండి బాబూ," అన్నాడు భీముడు. "ఈ మన్ను నాకు తెలుసు. తప్పుగా లాగితే మిగిలింది పడిపోద్ది."

బాలాజీ అతన్ని చూశాడు, రత్నాలుని చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి తనే బేడీలు విప్పాడు. తరవాత చొక్కా విప్పి మెడ దాకా మట్టిలోకి దూరాడు. అరగంట పాటు మొగవాళ్లు నలుగురూ చేతులతోనే మట్టి తోడారు. రత్నాలు దోసిళ్లతో బయటికి పారబోసింది.

పన్నెండూ నలభైకి భానుని బయటికి తీశారు.

ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. పెదాలు పగిలిపోయాయి. నోట్లో తడిసిన ఆకుపచ్చ గుడ్డ కుక్కుకుని ఉంది. లోపలి గోడకి ఊట ఉందట. ఆ గుడ్డ గోడకి ఆనించి, పీల్చుకుంటూ రెండు రోజులు బతికింది. రత్నాలు దాన్ని మెల్లగా నోట్లోంచి తీసి, చెంచాడు చెంచాడుగా నీళ్లు పట్టించింది. భాను రత్నాలు చేతివేళ్లు పట్టుకుంది. వదల్లేదు.

రత్నాలు ఆ గుడ్డనే చూస్తోంది. పొడుగ్గా ఉంది. తలా భుజాలూ కప్పుకునేంత పొడుగు.

"భీముడూ, ఈ గుడ్డ గేటు దగ్గరే కప్పుకుందా?"

"నేదమ్మా. నడిసినంతసేపూ సంచిలోనే ఉంటాది. పిల్లలు ఎనకనుంచి సూసుకోవాల గదా, ఆ ఎర్రసొక్కా కనపడాల. అందర్నీ కూకోబెట్టి, పైకెల్లి బండ మీద కూకున్నాక కప్పుద్ది, పిట్టలు బెదరకుండా. నాను కూడా ఆ రోజు సూడనేదు."

భీముడు చూడలేదు. పిల్లలు చూడలేదు. ఏడూ పది తరవాత కొండ మీద భానుని చూసిన మనిషికి మాత్రమే తెలిసే సంగతి అది. గేటు దాటలేదన్న మనిషి తన నోటితోనే చెప్పాడు. కన్నీళ్లు నిజమే అయ్యుంటాయి. చూసిందే చెప్పాడు, చోటు మార్చి చెప్పాడు.

"మాస్టారు," అంది భాను. గొంతు గరగరమంది. "వెనకాలే వచ్చారు. నాకు సాయానికి వచ్చారనుకున్నా."

దారి మారిందని తెలిసి, తవ్వేవాళ్లని ఆపడానికి పరిగెత్తుకొచ్చాడు రామారావు. ఏడాదికి రెండు మూడుసార్లు ఇక్కడికి రావడం పాఠం కోసం కాదు. దిగువ చెక్‌పోస్టులో లారీలు వెతుకుతారు, జీపులు వెతుకుతారు. బడిపిల్లల సంచులు ఎవరు వెతుకుతారు? రత్నాలుకి అదంతా ఒక్క ఊపున అర్థమైంది. దాని వెనకే, బస్సు దగ్గర తను చెప్పిన మాట గుర్తొచ్చింది. ఏ పిల్ల విన్నదో, ఏం విన్నదో, తన నోటితో తనే అతనికి చెప్పింది. అప్పగించి మరీ వచ్చింది.

బాలాజీ అప్పటికే పైడయ్య చేతిలోని వాకీటాకీ లాక్కుని కింద జీపుతో మాట్లాడుతున్నాడు. జీపులోని వైర్‌లెస్ సెట్టు నుంచి ఘాటు దిగువ చెక్‌పోస్టుకి కబురు వెళ్లింది. బస్సు ఆపాలి, మాస్టార్ని దింపాలి, పిల్లల్ని లెక్కపెట్టాలి. జవాబుకి పదకొండు నిమిషాలు పట్టింది. రత్నాలు వాచీలోంచి తల ఎత్తలేదు.

బస్సు ఆగింది. పదముగ్గురు పిల్లలున్నారు. మాస్టారు లేడు.

బొర్రా మలుపులో ఒక ఆడపిల్లని వెంటబెట్టుకుని దిగిపోయాడని డ్రైవరు చెప్పాడట. ఆ పిల్ల తండ్రికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది, సీలేరు రైలెక్కించి వచ్చేస్తాను, మీరు పొండి అన్నాడట. పిల్ల ఏడుస్తూ అతని చెయ్యి పట్టుకుని వెళ్లిందట.

"స్టేషన్‌కి మనుషుల్ని పంపిస్తాను," అన్నాడు బాలాజీ. "మధ్యాహ్నం పాసింజరుకి ఇంకా రెండు గంటలుంది. ప్లాట్‌ఫారం మీదే దొరికిపోతాడు."

రత్నాలు భాను వేళ్లని ఒక్కొక్కటే విడదీసుకుని లేచి నిలబడింది.

"స్టేషన్లో ఉండడు, బాలాజీ. సీలేరుకి రైలు లేదు."